మందును కణంలోకి మోసుకెళ్లే పెప్టైడ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.ఫార్మసీ, బయోటెక్నాలజీ ప్రాజెక్టుల కాలం మొదలైతే చాలు, ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అందుకే ఒకచోట చేర్చాం. పెప్టైడ్ అంటే కొన్ని అమైనో ఆమ్లాల చిన్న గొలుసు; ఇక్కడ మాట్లాడేది మందును తనతోపాటు కణంలోకి తీసుకెళ్లే గొలుసుల గురించి. మీరు ఏ దశలో ఉంటే అక్కడికే నేరుగా వెళ్లొచ్చు. ఏ జవాబు చదవాలన్నా మరో జవాబు చదివి ఉండక్కర్లేదు. దానివల్ల ఒకటి రెండు మాటలు రెండోసారి వినిపిస్తే సర్దుకోండి.

## పని మొదలుపెట్టకముందు

మందును నేరుగా ఇస్తే కణంలోకి వెళ్లదా? మధ్యలో ఈ పెప్టైడ్ ఎందుకు?

చాలా మందులు వెళ్తాయి. పారాసెటమాల్ లాంటి చిన్న అణువును ఎవరూ మోయనక్కర్లేదు. కణం చుట్టూ ఉన్నది కొవ్వు పొర. సుమారు 500 డాల్టన్‌ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) లోపు బరువుండి, ఆవేశం లేకుండా, కొంత కొవ్వులో కరిగే గుణమున్న అణువులు దాన్ని తమంతట తామే దాటగలవు. చిక్కంతా ప్రోటీన్‌లు, పొడుగాటి పెప్టైడ్‌లు, ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ (ఒక జన్యువు పనిని ఆపే చిన్న జంట ఆర్‌ఎన్‌ఏ), యాంటీసెన్స్ మందులు (కణంలోని ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని దాని పనిని మార్చేవి) వంటి పెద్ద అణువులతోనే. ఒక ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ బరువు 13,000 డాల్టన్‌ల చుట్టుపక్కల ఉంటుంది, పైగా నిండా రుణావేశం. పొరను దాటే ఆశే లేదు.

అందుకే మొదట వేసుకోవలసిన ప్రశ్న: నా మందు లోపలికి ఎందుకు పోవడం లేదు? కొన్నిసార్లు అది పోతూనే ఉంటుంది, కణమే దాన్ని పీ-గ్లైకోప్రోటీన్ పంపుతో బయటికి నెట్టేస్తుంటుంది. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందుకు లొంగని క్యాన్సర్ కణాల్లో కనిపించేది తరచుగా ఇదే. అక్కడ పెప్టైడ్ తగిలించడం పనికిరావచ్చు, కానీ దాని కారణం వేరు: పంపు ఆ మందు-పెప్టైడ్ జోడీని గుర్తుపట్టదు. కారణం తెలియకుండా పెప్టైడ్ ఎంచుకుంటే ఫలితం వచ్చినా ఎందుకు వచ్చిందో చెప్పలేరు.

హెచ్‌ఐవీ నుంచి తీసిన పెప్టైడ్ అంటున్నారు. ప్రమాదం కాదా?

వైరస్ ఏమీ రాదు. 1988లో రెండు పరిశోధన బృందాలు విడివిడిగా ఒక సంగతి గమనించాయి: హెచ్‌ఐవీలోని టాట్ అనే ప్రోటీన్‌ను కణాలున్న ద్రవంలో కలిపితే అది దానంతటదే కణాల్లోకి వెళ్లి పనిచేస్తోంది. 1997లో ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియె బృందం, ఆ ప్రవేశానికి ప్రోటీన్ మొత్తం అక్కర్లేదని, ధనావేశపు అమైనో ఆమ్లాలైన ఆర్జినిన్‌లు, లైసిన్‌లు దట్టంగా ఉన్న చిన్న ముక్క చాలని చూపింది. ఈరోజు టాట్ పెప్టైడ్ అని మనం వాడేది 11 అమైనో ఆమ్లాల ముక్క. దాన్ని రసాయనికంగా తయారుచేస్తారు. అందులో జన్యుపదార్థం ఉండదు, అది ఎవరికీ సోకదు.

మిగతావి వేరే చోట్ల నుంచి వచ్చాయి. పెనెట్రాటిన్ పండ్ల ఈగలోని యాంటెన్నపీడియా ప్రోటీన్‌లో 16 అమైనో ఆమ్లాల భాగం. 1994లో పారిస్‌లో గుర్తించారు. 1998లో వచ్చిన ట్రాన్స్‌పోర్టాన్ అతుకుల బొంత: గెలానిన్ అనే నాడీ పెప్టైడ్ మొదటి భాగానికి కందిరీగ విషంలోని మాస్టోపరాన్‌ను ఒక లైసిన్‌తో కలిపారు, మొత్తం 27. విష ప్రభావం గురించి అడగాలంటే టాట్ కంటే దీని గురించి అడగడం న్యాయం. పొరను చీల్చే గుణం మాస్టోపరాన్‌కు పుట్టుకతో వచ్చింది.

మధుమేహానికి నోటితో వేసుకునే సెమాగ్లుటైడ్ మాత్రలో ఉన్నదీ ఇదే కిటుకా?

కాదు. ఆ మాత్రలో పెప్టైడే మందు. దాన్ని జీర్ణాశయ గోడ దాటించేది స్నాక్ అనే చిన్న కొవ్వు ఆమ్లపు ఉత్పన్నం. అది మందుకు అతుక్కుని ఉండదు, పక్కనే ఉండి దారి ఇస్తుంది. పైగా సెమాగ్లుటైడ్ పనిచేసే గ్రాహకం కణం బయటి ముఖాన ఉంటుంది. కణం లోపలికి చేరాల్సిన అవసరమే దానికి లేదు.

## వరుసను ఎంచుకునేటప్పుడు

ఆర్జినిన్, లైసిన్ రెండూ ధనావేశమే కదా? అందరూ ఆర్జినిన్ వెంటే ఎందుకు పడతారు?

ఆవేశం లెక్క ఒకటే అయినా పట్టు వేరు. లైసిన్ కొసనున్నది అమ్మోనియం. ఆర్జినిన్ కొసనున్నది చదునైన గ్వానిడినియం. అది కణం పైనున్న ఫాస్ఫేట్, సల్ఫేట్‌లను ఒకేసారి రెండు హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది. కణం బయట హెపరాన్ సల్ఫేట్ అనే రుణావేశపు చక్కెర గొలుసు దట్టంగా ఉంటుంది కాబట్టి ఈ పట్టు చాలా లెక్కలోకి వస్తుంది. తొమ్మిది ఆర్జినిన్‌ల గొలుసు, తొమ్మిది లైసిన్‌ల గొలుసు కంటే ఎంతో ఎక్కువగా లోపలికి పోతుందని 2000లో స్టాన్‌ఫర్డ్ బృందాలు చూపాయి. గ్వానిడినియం సమూహాలను పెప్టైడ్ కాని వెన్నెముక (ఆధార గొలుసు) మీద అమర్చినా అవి లోపలికి వెళ్లాయి. అంటే గట్టితనం వెన్నెముకది కాదు, ఆ తలలది.

అయితే ఆవేశంతోనే అంతా అయిపోదు. పెనెట్రాటిన్‌లో ఉన్న రెండు ట్రిప్టోఫాన్‌లను తీసేసి ఫినైల్‌అలనిన్‌లు పెడితే ఆవేశం మారలేదు, ప్రవేశం మాత్రం పడిపోయింది.

ఎన్ని ఆర్జినిన్‌లు పెట్టమంటారు? ఎక్కువైతే మంచిదేనా?

ఎనిమిది లేదా తొమ్మిది. ఆరు కంటే తగ్గితే ప్రవేశం బలహీనం. 15 దాటితే మళ్లీ తగ్గుతుంది, కణాలకు హాని పెరుగుతుంది, తయారీ నరకమవుతుంది. ఎనిమిదితో ఫలితం రాకపోతే పన్నెండు పెట్టడం మందు కాదు. లోపం మరెక్కడో ఉంటుంది.

కంప్యూటర్‌లోనే తేల్చేసుకోవచ్చా? ప్రయోగం తగ్గుతుంది కదా?

జల్లెడ పట్టడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి కాదు. ఈ పనిలో మన దేశానికి మంచి పేరుంది: జి.పి.ఎస్. రాఘవ బృందం చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల సాంకేతిక సంస్థ ఇమ్‌టెక్‌లో ఉండగా సీపీపీసైట్ అనే సమాచార భాండాగారాన్ని, సెల్‌పీపీడీ అనే అంచనా సాధనాన్ని తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. రోజూ వాడుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

కానీ ఈ సాధనాలు దేన్ని చూసి నేర్చుకున్నాయో మరచిపోవద్దు. ప్రచురితమైన వరుసల్లో ఆర్జినిన్ నిండినవే ఎక్కువ, కాబట్టి ఆర్జినిన్ కుక్కిన ఏ వరుసనైనా అవి మెచ్చుకుంటాయి. ఒక వరుసకు మందు తగిలించాక ఏమవుతుందో వాటికి తెలియదు. పాత పత్రాలు "ప్రవేశించింది" అన్నచోట అది కణద్రవంలోకి చేరిందో, ఎండోజోమ్‌లో, అంటే కణం మింగినప్పుడు ఏర్పడే సంచిలో, ఇరుక్కుందో కూడా చాలాసార్లు విడదీసి ఉండదు.

రక్తంలో వేస్తే పెప్టైడ్ ముక్కలైపోతుందంటున్నారు. డి-అమైనో ఆమ్లాలు పెడితే సరిపోతుందా?

ముక్కలవడం ఖాయం. ట్రిప్సిన్ తరహా ఎంజైమ్‌లు లైసిన్, ఆర్జినిన్‌ల తర్వాతే కోస్తాయి. మన పెప్టైడ్‌లో ఉన్నవేమో అవే. అద్దంలో ప్రతిబింబం లాంటి డి-అమైనో ఆమ్లాలతో కడితే ఆ ఎంజైమ్‌లు పట్టుకోలేవు. వట్టి ఆర్జినిన్ గొలుసుల్లో ఈ మార్పు ప్రవేశాన్ని దెబ్బతీయదు, పెంచుతుంది కూడా. మందు భాగమే ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టే పెప్టైడ్ అయితే మాత్రం దాన్ని డి-రూపంలోకి మార్చకండి, గుర్తింపు పోతుంది. మోసే భాగాన్ని డి-రూపంలో, మోయబడే భాగాన్ని సహజమైన ఎల్-రూపంలో కట్టడం వాడుకలో ఉన్న పద్ధతి.

రెండో దారి వలయం చేయడం. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో దెహువా పెయి బృందం చేసిన చిన్న వలయ పెప్టైడ్‌లలో నాలుగు ఆర్జినిన్‌లే ఉంటాయి. వాటి పక్కన ఫినైల్‌అలనిన్, నాఫ్థైల్‌అలనిన్ వంటి కొవ్వుగుణపు గుంపు, డి-ఎల్ రూపాలు కలిసి. ఎంజైమ్‌లకు అంత సులువుగా దొరకవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు టాట్ కంటే వీటిని ముందు చూడాలని నా అభిప్రాయం.

ఇక రోగనిరోధక శక్తిని తగ్గించే మందు సైక్లోస్పోరిన్ సంగతి వేరు. 11 అమైనో ఆమ్లాలు, 1,202 డాల్టన్‌లు, ఒక్క ధనావేశం లేదు, అయినా పొర దాటుతుంది. ఏడు నైట్రోజన్‌ల మీద మిథైల్ ఉండటం, మిగిలిన హైడ్రోజన్ బంధాలను లోపలికి ముడుచుకోవడం దాని రహస్యం. దాన్ని అనుకరించడం మాత్రం తేలిక కాదు.

## మందును తగిలించేటప్పుడు

పెప్టైడ్‌కి మందును ఏ బంధంతో తగిలించాలి?

మందు ఎక్కడ విడిపోవాలో ముందు రాసుకోండి, బంధం దానంతటదే తేలుతుంది. కణద్రవంలో విడిపోవాలంటే డైసల్ఫైడ్: అక్కడ గ్లుటాథయోన్ అనే చిన్న అణువు మిల్లీమోలార్ స్థాయిలో ఉండి దాన్ని తెంచుతుంది, రక్తంలో అది మైక్రోమోలార్ స్థాయిలోనే. లైసోజోమ్‌లో (కణం దేన్నైనా జీర్ణం చేసే సంచి) విడిపోవాలంటే కెథెప్సిన్-బి అనే ఎంజైమ్ కోసే వాలిన్-సిట్రులిన్ జత, లేదా ఆమ్లానికి తెగే హైడ్రజోన్. విడిపోకపోయినా పనిచేసే మందైతే మాలిమైడ్‌తో థయోఈథర్, లేదా నేరుగా అమైడ్.

వేగం కూడా లెక్కే. సోరియాసిస్ కోసం ఏడు ఆర్జినిన్‌లను సైక్లోస్పోరిన్‌కు తగిలించి చర్మం మీద పూసే మందు 2000ల మొదట్లోనే మనుషుల పరీక్షల దాకా వెళ్లింది. చర్మంలోకి చక్కగా దిగింది. కానీ మందు విడిపోయే వేగం కంటే శరీరం దాన్ని చర్మం నుంచి తొలగించే వేగం ఎక్కువైంది. అక్కడితో ఆగిపోయింది. ప్రవేశం గెలిచి బంధం దగ్గర ఓడిన ఉదాహరణ ఇది, ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ మొదట ఇదే చెప్పాలి.

ఇంకొకటి: తగిలించాక అది పాత పెప్టైడ్ కాదు. నీళ్లలో కరగని మందు తగిలితే జోడీ గుంపులు కట్టొచ్చు. విడి పెప్టైడ్ మీద చేసిన కొలతలను జోడీకి అంటగట్టకండి.

ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ అయితే ఊరికే కలిపేస్తే చాలంటారు. నిజమేనా?

కణాలు పెంచే పళ్లెంలో చాలాసార్లు నిజమే. రుణావేశపు ఆర్‌ఎన్‌ఏ, ధనావేశపు పెప్టైడ్ ఒకదాన్నొకటి లాక్కుని నానో కణికలవుతాయి. పెప్టైడ్ నైట్రోజన్‌లకూ ఆర్‌ఎన్‌ఏ ఫాస్ఫేట్‌లకూ ఉన్న నిష్పత్తిని మార్చుకుంటూ జెల్‌లో ఆర్‌ఎన్‌ఏ కదలిక ఎక్కడ ఆగిందో చూస్తే మోతాదు దొరుకుతుంది. సీరమ్ కలిపి కూడా అదే పరీక్ష చేయండి. చాలా జోడీలు అక్కడే విడిపోతాయి, లేదా ముద్ద కడతాయి. పీఎంఓ వంటి ఆవేశం లేని యాంటీసెన్స్ మందులకు ఈ దారి లేదు, రసాయన బంధం వేయాల్సిందే.

## తయారీ దగ్గర

మేమే తయారుచేసుకోవాలా, కొనుక్కోవాలా?

సింథసైజర్, హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమీటర్ మూడూ అందుబాటులో ఉంటే చేసుకోండి, లేకపోతే కొనండి. పద్ధతి మెరిఫీల్డ్ 1963లో చూపినదే, రెజిన్ గుళికల మీద ఒక్కో అమైనో ఆమ్లం చేర్చుకుంటూ పోవడం. ముడిసరుకైన రక్షిత అమైనో ఆమ్లాలు హైదరాబాద్‌లోనే తయారై విదేశాలకు వెళ్తున్నాయి. ఆర్జినిన్ గొలుసుల్లో రెండు జాగ్రత్తలు: వరుసగా ఆర్జినిన్‌లు వచ్చేచోట కప్లింగ్ (అమైనో ఆమ్లాన్ని గొలుసుకు చేర్చే చర్య) రెండుసార్లు చేయండి, చివర్లో ఆర్జినిన్ కొసకు తొడిగిన పీబీఎఫ్ అనే రక్షణ పూర్తిగా ఊడేదాకా ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచండి. ఊడకుండా మిగిలిన ఒక్కో పీబీఎఫ్ మాస్ స్పెక్ట్రమ్‌లో 252 డాల్టన్‌లు అదనంగా కనిపిస్తుంది.

ఫ్లోరెసీన్ ఐసోథయోసయనేట్ రంగు వేస్తున్నారా? పెప్టైడ్ మొదటి అమైనో ఆమ్లానికి నేరుగా వేయకండి, మధ్యలో అమైనోహెక్సనోయిక్ ఆమ్లం పెట్టండి. లేకపోతే ఆమ్లంలో మొదటి అమైనో ఆమ్లం రంగుతో సహా తెగి పడిపోతుంది.

పెప్టైడ్ కొత్త బ్యాచ్‌తో కణాలు చచ్చిపోతున్నాయి. పెప్టైడ్ విషమా?

కావచ్చు, కానీ ముందు లవణాన్ని అనుమానించండి. రెజిన్ నుంచి వచ్చే పెప్టైడ్ ట్రైఫ్లోరోఅసిటేట్ లవణం. తొమ్మిది ఆర్జినిన్‌లంటే ఒక్కో అణువు వెంట తొమ్మిది ట్రైఫ్లోరోఅసిటేట్‌లు. అది కణాల పెరుగుదలను దెబ్బతీయగలదు, తూకంలో కూడా పెద్ద వాటా అదే. క్లోరైడ్ లేదా అసిటేట్ లవణంగా మార్చుకుని మళ్లీ చూడండి. అప్పుడూ చస్తుంటే కణం లోపలుండే ఎల్‌డీహెచ్ ఎంజైమ్ బయటికి కారుతోందా, ఎర్రరక్తకణాలు పగులుతున్నాయా అని చూడాలి. కణాల జీవక్రియను కొలిచే ఎంటీటీ పరీక్ష ఒక్కటే చాలదు, పొర చిల్లుపడిన సంగతి అది చెప్పదు.

## కణాల మీద పరీక్షించేటప్పుడు

పెప్టైడ్‌కు రంగు తగిలించి కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో చూస్తే కణమంతా ఆకుపచ్చగా మెరుస్తోంది. పనిచేసినట్టేనా?

ఇంకా కాదు. ఈ రంగం పదిహేనేళ్ల పాటు తడబడింది సరిగ్గా ఇక్కడే. తొలి పత్రాల్లో పెప్టైడ్ నిమిషాల్లో కేంద్రకంలోకి చేరినట్టు, నాలుగు డిగ్రీల చలిలోనూ చేరినట్టు చిత్రాలు వచ్చాయి. పొరను నేరుగా దాటేస్తోందని అందరూ నమ్మారు. తర్వాత తేలిందేమిటంటే, చిత్రం తీసేముందు కణాలను మెథనాల్‌తోనో ఫార్మాల్డిహైడ్‌తోనో స్థిరపరచడం వల్ల, బయటి పొరకు అంటుకుని ఉన్న పెప్టైడ్ అప్పుడు లోపలికి ఇంకి కేంద్రకానికి అతుక్కుంటోంది. 2003లో మాంట్‌పెలియె బృందం బతికున్న కణాల్లో చూస్తే, పెప్టైడ్ ఎక్కువగా చుక్కలు చుక్కలుగా ఎండోజోమ్ సంచుల్లో కనిపించింది. టాట్ మీద మొదట పనిచేసినవాళ్లే తమ వాదాన్ని తిరిగి తూకం వేసుకోవడం మెచ్చుకోదగ్గ పని.

కాబట్టి కణాలను స్థిరపరచకండి, బతికుండగానే చూడండి. చూసేముందు హెపారిన్‌తో కడిగి, ట్రిప్సిన్‌తో పైన అంటుకున్నదాన్ని తొలగించండి. ఫ్లో సైటోమెట్రీ లెక్కలకూ ఇది తప్పనిసరి. ఫ్లోరెసీన్ ఆమ్లంలో మసకబారుతుంది, ఎండోజోమ్ లోపల ఆమ్లమే. అందువల్ల సంచిలో ఇరుక్కున్న పెప్టైడ్ తక్కువగా కనిపించి, మీరు చూసే పంపిణీ తప్పుదారి పట్టిస్తుంది. ఆమ్లానికి మారని రంగుతో ఒకసారి సరిచూసుకోండి.

లోపలికి వెళ్తోంది, కానీ మందు ప్రభావం మాత్రం సున్నా. ఎందుకు?

చాలావరకు ఎండోజోమ్‌లోనే ఆగిపోయి ఉంటుంది. చుట్టం గడప దాటి వసారాలో కూర్చున్నాడు, వంటింట్లోకి రాలేదు. కణం బయటినుంచి మింగిన సంచి కొద్దిసేపటికే ఆమ్లంగా మారుతుంది: మొదట పీహెచ్ 6 పైచిలుకు, లైసోజోమ్‌కు చేరేసరికి 5 కంటే తక్కువ. అక్కడున్న ఎంజైమ్‌లు పెప్టైడ్‌ను, చాలాసార్లు మందును కూడా జీర్ణం చేస్తాయి. టాట్ వంటి పెప్టైడ్‌లలో సంచి నుంచి బయటపడేది చిన్న వాటా మాత్రమే.

దాన్ని పెంచడానికి మూడు దారులున్నాయి. హిస్టిడిన్‌లు చేర్చడం: వాటి పక్క గొలుసు పీహెచ్ 6 దగ్గర ఆవేశం తెచ్చుకుంటుంది, రక్తంలో నెమ్మదిగా ఉండి సంచిలో మేలుకుంటుంది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ హిమాగ్లుటినిన్ నుంచి తీసిన హెచ్‌ఏ2 ముక్కను గానీ, 30 అమైనో ఆమ్లాల గాలా పెప్టైడ్‌ను గానీ జోడించడం: ఇవి ఆమ్లంలో మెలికలు తిరిగి పొరను గుచ్చుతాయి. మూడోది చిన్న వలయ పెప్టైడ్‌లు వాడటం: సంచి పొర నుంచి చిన్న బుడగ ఊడి, పగిలి, లోపలిది బయటపడుతుందని వాటి మీద పనిచేసినవాళ్లు వివరించారు. మూడింటిలోనూ ఒకే బేరం: సంచిని ఎంత బాగా పగలగొడితే కణానికి అంత హాని.

ఎండోజోమ్‌ను ఉబ్బించి పగలగొట్టే క్లోరోక్విన్ కలిపితే ప్రభావం పెరిగిందా? అయితే అడ్డంకి ఎండోజోమే అని గట్టిగా అనుమానించొచ్చు. రోగనిర్ధారణకు అది మంచి పరీక్ష. దాన్నే చికిత్సగా ప్రతిపాదించడం మాత్రం మానండి.

కణద్రవంలోకి చేరిందని పరీక్షకులకు ఎలా నిరూపించాలి?

వెలుగు కాదు, పని చూపించండి. మోసుకెళ్లిన సరుకు కణద్రవంలోనో కేంద్రకంలోనో మాత్రమే చేయగల పని ఒకటి ఎంచుకోండి. యాంటీసెన్స్ అయితే స్ప్లైసింగ్ (ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కత్తిరించి అతికించే పని) సరిదిద్దినప్పుడే లూసిఫెరేజ్ అనే ఎంజైమ్ తయారై వెలిగే హీలా కణాలున్నాయి. ప్రోటీన్ అయితే క్రీ ఎంజైమ్‌ను మోయించి, అది డీఎన్‌ఏను కోస్తేనే రంగు మారే కణాలున్నాయి. చిన్న పెప్టైడ్ అయితే క్లోరోఆల్కేన్ తోక తగిలించి, కణద్రవంలో ఉంచిన హాలోట్యాగ్ ప్రోటీన్‌కు అది ఎంత అతుక్కుందో కొలవొచ్చు. సరుకు లేని పెప్టైడ్, పెప్టైడ్ లేని సరుకు, రెండూ తగిలించకుండా ఊరికే కలిపినవి: పోలిక కోసం చేసే ఈ మూడు నియంత్రణ ప్రయోగాలు లేని పట్టికను ఎవరూ ఒప్పుకోరు.

## జంతువులు, మనుషులు

క్యాన్సర్ కణంలోకే వెళ్లేలా చేయొచ్చా? మంచి కణాలను వదిలేసేలా?

ఆర్జినిన్ గొలుసుకు ఇష్టాయిష్టాలు లేవు, కణమంటే చాలు అతుక్కుంటుంది. అందుకే రోజర్ సియన్ బృందం 2004లో దాని నోరు కట్టింది: తొమ్మిది ఆర్జినిన్‌ల ఎదురుగా తొమ్మిది రుణావేశపు గ్లుటామేట్‌లు పెట్టి, మధ్యలో కణితుల దగ్గర ఎక్కువగా ఉండే ఎంఎంపీ ఎంజైమ్‌లు కోసే వంతెన వేసింది. వంతెన తెగేదాకా ఆవేశాలు ఒకదాన్నొకటి చల్లార్చుకుని ఉంటాయి. 2009లో రువస్లాటి బృందం చూపిన ఐఆర్‌జీడీ, తొమ్మిది అమైనో ఆమ్లాల వలయం, మరో దారి: ముందు కణితి రక్తనాళాల ఇంటెగ్రిన్‌ను పట్టుకుని, అక్కడ తెగి, బయటపడిన కొసతో న్యూరోపిలిన్ అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. రెండూ తెలివైనవే. రెండింటికీ ఒక షరతు ఉంది: ఆ ఎంజైమ్, ఆ గ్రాహకం మీరు తీసుకున్న కణితిలో నిజంగా ఉండాలి. ముందు అది కొలవండి.

ఎలుకల్లో అద్భుతంగా పనిచేసినవి మనుషుల్లో ఎందుకు తేలిపోతున్నాయి?

ఒక్కోదానికి ఒక్కో కారణం. పక్షవాతం వచ్చినవాళ్ల మెదడు కణాలను కాపాడాలని చేసిన నెరినెటైడ్ తీసుకోండి. 20 అమైనో ఆమ్లాలు, మొదటి 11 టాట్. 2020లో ప్రకటించిన పరీక్షలో 1,105 మంది ఉన్నారు. మొత్తం మీద తేడా రాలేదు: మంచి ఫలితం మందు గుంపులో 61.4 శాతం, ఉత్తుత్తి మందు గుంపులో 59.2 శాతం. రక్తపు గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ తీసుకోనివాళ్లను విడిగా చూస్తే 59.3, 49.8. కారణం రసాయనంలోనే ఉంది: ఆల్టెప్లేజ్ రక్తంలో ప్లాస్మిన్ అనే ఎంజైమ్‌ను పుట్టిస్తుంది, ప్లాస్మిన్ లైసిన్, ఆర్జినిన్‌ల దగ్గర కోస్తుంది, టాట్ అంతా అవే. రోగికి ఇంకే మందులు పక్కన పడతాయో డిజైన్ కాగితం మీదే రాసుకోవాల్సిన అవసరం దీనికంటే బాగా ఎవరూ చెప్పలేరు. విడి గుంపులోని తేడాను మాత్రం రుజువుగా కాక, మరో పరీక్షకు ఆధారంగానే చూడాలి.

డుషేన్ కండర క్షీణతకు ఆర్జినిన్ పెప్టైడ్ తగిలించిన వెస్లెటెప్లిర్సెన్ ఇంకోలా ఆగింది. కండరంలోకి బాగానే వెళ్లింది, కానీ రోగుల రక్తంలో మెగ్నీషియం పడిపోయింది. 2024లో దాని అభివృద్ధి నిలిపేశారు. ధనావేశపు పెప్టైడ్‌లు మూత్రపిండాల్లో పేరుకునే అలవాటున్నవి. ఎలుక ప్రయోగంలో మూత్రపిండాల పరీక్షను చివరికి వదిలేయకండి.

ఇప్పటికి ఆమోదం పొందిన మందు ఒక్కటైనా ఉందా?

టాట్ తరహా పెప్టైడ్ మందును కణంలోకి మోసుకెళ్లే పనికే ఆమోదం పొందిన ఉత్పత్తి ఏదీ ఇంకా మార్కెట్‌లో స్థిరపడలేదు. దగ్గరగా వచ్చినవి రెండు. బార్త్ సిండ్రోమ్ అనే అరుదైన వారసత్వ జబ్బు కోసం 2025లో అమెరికాలో వేగవంతపు ఆమోదం పొందిన ఎలామిప్రెటైడ్ నాలుగు అమైనో ఆమ్లాల పెప్టైడ్, కణంలోకి వెళ్లి మైటోకాండ్రియాకు చేరుతుంది. కానీ అది దేన్నీ మోయదు, అదే మందు. రెండోది 2022లో ఆమోదం పొందిన ముడతల ఇంజెక్షన్ డాక్సిబోట్యులినమ్‌టాక్సిన్-ఏ. అందులో 15 లైసిన్‌లకు రెండు కొసలా టాట్ ముక్కలు కుట్టిన 35 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఉంది. అక్కడ దాని ఉద్యోగం టాక్సిన్‌ను చెడకుండా నిలబెట్టడం.